ఆర్గాన్‌లో ఎలక్ట్రాన్ దానంతట అదే వేడెక్కుతోంది: నా సిమ్యులేషన్‌లో తప్పెక్కడ ఉంది?

అరండల్‌పేట_ఎమ్మెస్సీ | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వాయువులో ఎలక్ట్రాన్లు విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండూ ఉన్నప్పుడు ఎలా కదులుతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపించడం నా ప్రాజెక్టు. కోడ్ పైథాన్‌లో రాశాను.

ఆర్గాన్ తీసుకున్నాను. పీడనం 1 టార్, ఉష్ణోగ్రత 300 కెల్విన్. విద్యుత్ క్షేత్రం మీటరుకు 1000 వోల్టులు, ఎక్స్ దిశలో. అయస్కాంత క్షేత్రం 0.01 టెస్లా, జెడ్ దిశలో. టైమ్ స్టెప్ 10 పికోసెకన్లు. ప్రతి స్టెప్పులో లోరెంజ్ బలం (రెండు క్షేత్రాలు కలిసి ఎలక్ట్రాన్ మీద చూపే బలం) లెక్కగట్టి, దాంతో వేగం మార్చి, ఆ వేగంతో స్థానం మారుస్తున్నాను. ఆర్గాన్ అణువును ఢీకొందా లేదా అన్నది ర్యాండమ్ నంబరు తేలుస్తుంది. ప్రస్తుతానికి ఎలాస్టిక్ కొలిజన్లు (మొత్తం గతిశక్తి తగ్గకుండా ఢీకొనడం), అయనీకరణం (అణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడటం) మాత్రమే పెట్టాను.

సరిచూద్దామని విద్యుత్ క్షేత్రాన్ని సున్నా చేసి, ఎలక్ట్రాన్లను 1 ఎలక్ట్రాన్‌వోల్టు శక్తితో వదిలాను. 200 నానోసెకన్లు గడిచేసరికి అవి ఆర్గాన్‌ను అయనీకరణం చేస్తున్నాయి! ఆర్గాన్‌కు 15.76 ఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి కదా. విద్యుత్ క్షేత్రమే లేనప్పుడు ఆ శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? మూడు రోజులుగా కోడ్ చూస్తూనే ఉన్నాను. గురువారం గైడ్‌కు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట_మాస్టారు | సోమవారం రాత్రి 10:05

బాబూ, ముందు టెన్షన్ పక్కన పెట్టు. నువ్వు సరైన పరీక్షే పెట్టావు. విద్యుత్ క్షేత్రం సున్నా చేసి చూడాలని తోచడమే సగం పని.

అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగా ఉంటుంది. అందువల్ల అది పని చేయదు. ఎలక్ట్రాన్ దారిని వంచుతుంది తప్ప దాని శక్తిని పెంచదు, తగ్గించదు. డిగ్రీ ల్యాబులో మేము థామ్సన్ పద్ధతిలో ఈ బై ఎమ్ (ఎలక్ట్రాన్ ఆవేశం బై ద్రవ్యరాశి) ప్రయోగం చేయించేవాళ్లం. బార్ మాగ్నెట్లు దగ్గరికి జరిపితే తెర మీద చుక్క పక్కకు జరిగేది, కానీ మరింత వెలిగేది కాదు. ఆ శక్తి ప్రకృతి ఇచ్చింది కాదు, నీ లెక్క ఇచ్చింది.

ఇప్పుడు కొలిజన్లు కూడా ఆపేయి. ఖాళీ స్థలంలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్, అయస్కాంత క్షేత్రం మాత్రమే. వేగం ఎక్స్ వై తలంలో ఉండాలి. 10,000 స్టెప్పుల తర్వాత శక్తి ఎంతుందో చెప్పు.

పటమట_కోడర్ | సోమవారం రాత్రి 10:31

వాడు రన్ చేసేలోపు జవాబు నేను కాగితం మీద చెప్పేస్తాను మాస్టారూ. ఇది ఆయిలర్ పద్ధతి తెచ్చిన చిక్కు, అంటే స్టెప్పు మొదట్లో ఉన్న బలంతోనే స్టెప్పు మొత్తం నడిపించడం.

తమ్ముడూ, వృత్తం మీద తిరుగుతున్న వేగం వెక్టార్‌ను ఊహించుకో. దానికి లంబంగా చిన్న ముక్క కలుపుతున్నావు. లంబకోణ త్రిభుజంలో కర్ణం ఎప్పుడూ భుజం కన్నా పొడవే కదా. అంటే ప్రతి స్టెప్పులోనూ వేగం కొంచెం పొడవవుతుంది. 0.01 టెస్లాలో ఎలక్ట్రాన్ సైక్లోట్రాన్ వేగం, అంటే అయస్కాంత క్షేత్రం చుట్టూ అది తిరిగే కోణీయ వేగం, సెకనుకు 1.76×10⁹ రేడియన్లు. నీ స్టెప్పు 10 పికోసెకన్లు, కాబట్టి ఒక్కో స్టెప్పుకు 0.0176 రేడియన్లు తిరుగుతుంది. దాని వర్గం 0.00031. ఒక్కో స్టెప్పుకు శక్తి 1.00031 రెట్లు అవుతుంది. చూడటానికి చాలా చిన్నది. కానీ చక్రవడ్డీ లెక్క ఇది. 10,000 స్టెప్పులకు 22 రెట్లు!

1 ఎలక్ట్రాన్‌వోల్టుతో మొదలైనది 22కు చేరుతుంది.

అరండల్‌పేట_ఎమ్మెస్సీ | సోమవారం రాత్రి 11:02

అన్నా, 22.1 వచ్చింది!! రన్ చేయకుండానే చెప్పేశారు.

మరి స్టెప్పు పదో వంతు చేస్తే సరిపోతుందా? 1 పికోసెకను పెట్టి చూశాను, అదే 100 నానోసెకన్లకు 1.36 వచ్చింది. ఇంకా పెరుగుతూనే ఉంది, పైగా రన్‌కు పది రెట్లు టైమ్ పడుతోంది.

నంబూరు_స్కాలర్ | మంగళవారం ఉదయం 7:15

స్టెప్పు తగ్గిస్తే జబ్బు నెమ్మదిస్తుంది కానీ పోదు. నేను ఇదే రంగంలో పరిశోధన చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదట, ఆర్గాన్‌లో ఈ తప్పు ఇంత భయంకరంగా ఎందుకు కనిపించిందో చూద్దాం. ఆర్గాన్ అణువు బరువు ఎలక్ట్రాన్ బరువుకు సుమారు 73,000 రెట్లు. గోళీ వెళ్లి బర్రెను గుద్దినట్టు. ఇది మాట వరసకు అనడం లేదు, 5 గ్రాముల గోళీకి 73,000 రెట్లు అంటే 365 కిలోలు. గోళీ దిశ మారుతుంది, బర్రె కదలదు. ఒక ఎలాస్టిక్ కొలిజన్‌లో ఎలక్ట్రాన్ పోగొట్టుకునే శక్తి సగటున 36,000 వంతుల్లో ఒక వంతు మాత్రమే. నీ పీడనంలో కొన్ని ఎలక్ట్రాన్‌వోల్టుల (ఈవీ) శక్తి దగ్గర సెకనుకు సుమారు 4×10⁹ కొలిజన్లు, అంటే నీ ఒక స్టెప్పుకు 0.04. రెండూ గుణించు. ఒక స్టెప్పులో కొలిజన్ల వల్ల పోయే శక్తి పది లక్షల్లో ఒక వంతు. ఆయిలర్ వల్ల వచ్చే దొంగ శక్తి పది లక్షల్లో 310 వంతులు. కొలిజన్లు వేగం దిశను అన్ని వైపులకూ చెదరగొడతాయి, జెడ్ దిశలో ఉన్న భాగం పెరగదు కాబట్టి సగటున ఇందులో మూడింట రెండు వంతులే వస్తుందనుకున్నా, వాయువు చల్లార్చే దానికి 200 రెట్లు నీ కోడ్ వేడెక్కిస్తోంది. ఇలాంటి వాయువులో చిన్న తప్పు దాక్కోలేదు. నైట్రోజన్ తీసుకుని ఉంటే అణువులు కంపించడానికి, తిరగడానికి శక్తి గుంజుకుంటాయి కాబట్టి ఈ దొంగ వేడి వాటిలో కలిసిపోయి నీకు కనిపించేది కాదు. తప్పు జవాబునే నమ్మి ప్రాజెక్టు ఇచ్చేవాడివి.

రెండోది మందు. బోరిస్ పద్ధతి వాడు, 1970 నుంచి ప్లాస్మా వాళ్లందరూ వాడుతున్నదే. దాని ఆలోచన చాలా అందంగా ఉంటుంది. విద్యుత్ క్షేత్రం ఇచ్చే తోపులో సగాన్ని ముందు వేగానికి కలుపుతాం. తర్వాత ఆ వేగాన్ని అయస్కాంత క్షేత్రం చుట్టూ తిప్పుతాం, పొడవు మారకుండా. చివర మిగిలిన సగం తోపు కలుపుతాం. తిప్పడానికి సైన్, కాస్ అక్కర్లేదు. టీ అనే వెక్టార్ తీసుకో: ఆవేశం, అయస్కాంత క్షేత్రం, టైమ్ స్టెప్ మూడూ గుణించి, ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగించాలి. ఎస్ అంటే 2 టీని (1 + టీ వర్గం)తో భాగించగా వచ్చేది. సగం తోపు తిన్న వేగానికి, ఆ వేగం క్రాస్ టీ కలిపితే మధ్య వేగం వస్తుంది. మళ్లీ ఆ సగం తోపు తిన్న వేగానికే, మధ్య వేగం క్రాస్ ఎస్ కలపాలి. అంతే. పొడవు అక్షరాలా అలాగే ఉంటుంది. తిరిగే కోణంలో మాత్రం అతి చిన్న తేడా వస్తుంది, నీ స్టెప్పుకు అది లక్షకు మూడు వంతులు కూడా ఉండదు.

రెండు జాగ్రత్తలు. ఎలక్ట్రాన్ ఆవేశం రుణాత్మకం, ఆ గుర్తు మర్చిపోతే ఎదురు దిశలో తిరుగుతుంది. ఈ పద్ధతిలో వేగం, స్థానం సగం స్టెప్పు తేడాతో నడుస్తాయి, కాబట్టి మొదట్లో వేగాన్ని సగం స్టెప్పు వెనక్కి నెట్టి మొదలుపెట్టాలి.

పటమట_కోడర్ | మంగళవారం ఉదయం 8:50

అక్కా, ఒక అనుమానం. ఆయిలర్ కన్నా చాలా కచ్చితమైన నాలుగో ఆర్డర్ రుంగే కుట్టా పద్ధతి పెట్టుకుంటే చాలదా? రెడీమేడ్‌గా దొరుకుతుంది.

నంబూరు_స్కాలర్ | మంగళవారం ఉదయం 9:20

ఈ ప్రాజెక్టుకు చాలు, నిజమే. అందులో కూడా శక్తి జారుతుంది, కాకపోతే కిందికి జారుతుంది, ఈ స్టెప్పు దగ్గర కంటికి ఆనదు. కొలిజన్ల వల్ల పోయే శక్తితో పోలిస్తే కూడా ఆ జారుడు లెక్కలోకి రాదు. కానీ ఒక్కో స్టెప్పుకు క్షేత్రాన్ని నాలుగుసార్లు లెక్కగట్టాలి. లక్ష ఎలక్ట్రాన్లకు అది భారం. మాగ్నెట్రాన్ (అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్లను తిప్పే పరికరం) లాంటి చోట కోట్ల స్టెప్పులు నడవాల్సి వస్తే ఆ చిన్న జారుడు కూడా పేరుకుంటుంది.

అసలు మాట చెప్పనా? ఇక్కడ క్షేత్రాలు రెండూ అన్ని చోట్లా ఒకేలా ఉన్నాయి. అలాంటప్పుడు రెండు కొలిజన్ల మధ్య దారికి ఖచ్చితమైన సూత్రమే ఉంది, ఇంటర్ పుస్తకంలో చదివిన మెలిక దారే. స్టెప్పులే అక్కర్లేదు. ఎంతసేపటికి తర్వాతి కొలిజనో తెలిస్తే ఒక్క దూకుడులో అక్కడికి వెళ్లొచ్చు. క్షేత్రం చోటును బట్టి మారుతున్నప్పుడే బోరిస్ అవసరం. అయినా తమ్ముడు బోరిస్ నేర్చుకోవాలి, రేపు క్షేత్రం మారితే కోడ్ మళ్లీ రాయనక్కర్లేదు.

అరండల్‌పేట_ఎమ్మెస్సీ | మంగళవారం సాయంత్రం 6:30

బోరిస్ పెట్టాను. శక్తి 1.000000 దగ్గర నిలబడిపోయింది. వృత్తం వ్యాసార్థం 0.34 మిల్లీమీటర్లు వచ్చింది, కాగితం మీద లెక్కతో సరిపోయింది.

ఇప్పుడు విద్యుత్ క్షేత్రం కలిపాను, కొలిజన్లు ఇంకా లేవు. ఇక్కడ నాకు అర్థం కానిది ఒకటి ఉంది. విద్యుత్ క్షేత్రం ఎక్స్ దిశలో ఉంటే ఎలక్ట్రాన్ ఎక్స్‌లో కొంచెం వెళ్లి మళ్లీ వెనక్కి వస్తోంది. మొత్తం మీద వై దిశలో మాత్రమే ముందుకు పోతోంది, సెకనుకు లక్ష మీటర్ల వేగంతో. లాగుతున్నది ఒక వైపు, పోతున్నది ఇంకో వైపు. ఇది కరెక్టేనా?

బ్రాడీపేట_మాస్టారు | మంగళవారం సాయంత్రం 7:10

ముమ్మాటికీ కరెక్టు. విద్యుత్ క్షేత్రాన్ని అయస్కాంత క్షేత్రంతో భాగించు. 1000 బై 0.01, లక్ష. ఈ వేగంలో ఆవేశమూ లేదు, బరువూ లేదు. ఎలక్ట్రాన్ అయినా, ఆర్గాన్ అయాన్ అయినా, శూన్యంలో ఇదే వేగంతో ఇదే దిశలో పోతుంది.

ఇప్పుడు దీని మీద కొంచెంసేపు ఆలోచించు. కొలిజన్లు లేకపోతే ఎలక్ట్రాన్ విద్యుత్ క్షేత్రం వెంట ఒక్క అడుగు కూడా నిలకడగా ముందుకు వేయలేదు. అంటే అయస్కాంత క్షేత్రాన్ని దాటి ముందుకు కదలాలంటే ఢీకొనడమే దారి. మామూలుగా కొలిజన్ అంటే అడ్డంకి అనుకుంటాం. ఇక్కడ ప్రతి కొలిజన్ దాని చుట్టుతిరుగుడును తెంపి, క్షేత్రం వైపు ఒక చిన్న అడుగు వేయిస్తుంది. మరీ ఎక్కువైతే మళ్లీ అడ్డంకే. నేను ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను, ఇది బోర్డు మీద రాసిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఉండేది.

లెక్క ఇదీ. కొలిజన్ రేటును శక్తితో మారకుండా స్థిరంగా ఉంచావనుకో, సెకనుకు 4×10⁹. క్షేత్రం వెంట వేగం: త్వరణాన్ని కొలిజన్ రేటుతో గుణించి, కొలిజన్ రేటు వర్గం, సైక్లోట్రాన్ వేగం వర్గం రెండింటి మొత్తంతో భాగించాలి. పక్క దిశ వేగానికి లవంలో కొలిజన్ రేటు బదులు సైక్లోట్రాన్ వేగం పెట్టాలి. నీ అంకెలకు క్షేత్రం వెంట సుమారు 37,000, పక్కకు సుమారు 16,000 మీటర్లు రావాలి, సెకనుకు. అంటే మొత్తం మీద కదిలే దిశకూ క్షేత్రం గీతకూ మధ్య కోణం దాదాపు 24 డిగ్రీలు. నిజమైన ఆర్గాన్ పెట్టే ముందు ఈ ఊహా వాయువు పెట్టి ఇవి వస్తున్నాయో లేదో చూడు. ఇవి రాకపోతే ముందుకు వెళ్లకు.

ఇబ్రహీంపట్నం_ఇంజినీర్ | మంగళవారం రాత్రి 9:45

చర్చ చదువుతుంటే ఆగలేకపోయాను. నేను థర్మల్ విద్యుత్ కేంద్రం వైపు పని చేస్తాను, పొగలోని బూడిద పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ల మెయింటెనెన్స్. మా దగ్గర కూడా ఇదే కథ కదండీ? తీగలకు పదుల వేల వోల్టులు ఇస్తాం, తీగ చుట్టూ కరోనా (గాలి అయనీకరణమై వచ్చే మెరుపు) పుడుతుంది, బూడిద రేణువులకు ఆవేశం ఎక్కి ప్లేట్లకు అంటుకుంటాయి. దీన్ని మీ పద్ధతిలో మోడల్ చేయొచ్చా? ఇంకొకటి, పొగ వేడి పెరిగితే స్పార్కులు ఎక్కువవుతాయి. ఎందుకో నాకు అనుభవంతో తెలుసు కానీ, లెక్క తెలియదు.

నంబూరు_స్కాలర్ | మంగళవారం రాత్రి 10:40

ఇంజినీర్ గారూ, మీ స్పార్కుల ప్రశ్నకు జవాబే ఈ విషయానికి గుండెకాయ అండీ.

వాయువులో ఎలక్ట్రాన్‌కు విద్యుత్ క్షేత్రం ఒక్కటే లెక్క కాదు. ఒక కొలిజన్ నుంచి తర్వాతి కొలిజన్ దాకా ఎంత శక్తి పోగేసుకుందన్నదే లెక్క. వాయువు పలచనైతే దారి పొడవవుతుంది, అదే క్షేత్రంలో ఎక్కువ శక్తి పోగవుతుంది. అందుకే క్షేత్రాన్ని వాయువు సాంద్రతతో భాగించిన విలువను చూస్తాం, ఈ బై ఎన్ అంటాం. దాని కొలత టౌన్సెండ్, ఒక టౌన్సెండ్ అంటే 10⁻²¹ వోల్ట్ మీటర్ స్క్వేర్. మామూలు గాలిలో 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 2.5×10²⁵ అణువులుంటాయి. సెంటీమీటరుకు 30 కిలోవోల్టుల దగ్గర గాలి తెగుతుందని చదువుకున్నాం కదా, అది 120 టౌన్సెండ్లు.

మీ పొగ 140 డిగ్రీలు ఉందనుకుందాం. అదే పీడనంలో సాంద్రత 20 డిగ్రీలప్పటి దానిలో 71 శాతమే. అవే 120 టౌన్సెండ్లకు సెంటీమీటరుకు 21 కిలోవోల్టులు చాలు, మామూలు గాలి లెక్కన. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీటర్ అదే వోల్టేజి చూపిస్తున్నా ఎలక్ట్రాన్‌కు అది ఎక్కువ క్షేత్రమే. బెజవాడలో మే నెలలో 45 డిగ్రీల ఎండలో బయట లైన్ల దగ్గర కూడా ఇదే, చలికాలం 20 డిగ్రీలతో పోలిస్తే గాలి 8 శాతం పలచన.

మోడల్ గురించి. తీగ పక్కన కొద్ది మేరలోనే ఎలక్ట్రాన్ల హడావిడి ఉంటుంది. కాస్త దూరం వెళ్లగానే ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ పట్టేసుకుంటుంది, రుణ అయాన్ అవుతుంది. అక్కడి నుంచి ప్లేటు దాకా అయాన్ల కథే. గాలిలో అయాన్ మొబిలిటీ, అంటే క్షేత్రానికి తగ్గట్టు అది ఎంత వేగంగా కదులుతుందన్నది, వోల్టుకు, సెకనుకు సుమారు 2 చదరపు సెంటీమీటర్లు. సెంటీమీటరుకు 3 కిలోవోల్టులుంటే అయాన్ సెకనుకు 60 మీటర్లు పోతుంది. మీ పొగ వేగం సెకనుకు మీటరు ప్రాంతంలో ఉంటుంది కాబట్టి అయాన్‌కు పొగ నిలబడి ఉన్నట్టే. అయాన్ బరువు వాయు అణువు బరువంతే ఉంటుంది, ఒక్క గుద్దుకు దాదాపు సగం శక్తి వదిలేస్తుంది. అందువల్ల ఒక్కొక్క అయాన్ వెంట పడి లెక్కగట్టడం వృథా. సగటు వేగం, సాంద్రత తీసుకుని ద్రవం లాగా లెక్కగట్టి, ఆ ఆవేశం క్షేత్రాన్ని ఎలా మారుస్తుందో పాయిజాన్ సమీకరణంతో కలిపి సాధిస్తారు.

ఇబ్రహీంపట్నం_ఇంజినీర్ | మంగళవారం రాత్రి 11:15

71 శాతం అన్న లెక్క చూసి ఒక్కసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నానండీ. ఇన్నేళ్లు వేడికి స్పార్క్ లిమిట్ తగ్గించి పెట్టాలని చేత్తో నేర్చుకున్నాం, కారణం ఇవాళ తెలిసింది. చాలా థ్యాంక్స్.

మరి అయస్కాంతం పెడితే ఈ అయాన్లను పక్కకు తిప్పొచ్చా?

బ్రాడీపేట_మాస్టారు | బుధవారం ఉదయం 6:20

కుదరదండీ. మొబిలిటీని అయస్కాంత క్షేత్రంతో గుణిస్తే వంగే కోణం టాంజెంట్ వస్తుంది. 2 చదరపు సెంటీమీటర్లంటే 0.0002 చదరపు మీటర్లు. ఏకంగా 1 టెస్లా పెట్టినా వంపు 0.0002 రేడియన్లు, డిగ్రీలో నూరో వంతు. మామూలు వాతావరణ పీడనంలో అయాన్‌కు అయస్కాంతం ఉన్నట్టే తెలియదు.

అరండల్‌పేట_ఎమ్మెస్సీ | బుధవారం మధ్యాహ్నం 2:10

ఊహా వాయువు పరీక్ష పాసైంది! 5,000 ఎలక్ట్రాన్లతో క్షేత్రం వెంట 36,900, పక్కకు 16,300. మాస్టారు చెప్పిన కోణమే. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

తర్వాత నిజమైన ఆర్గాన్ క్రాస్ సెక్షన్లు (ఏ శక్తి దగ్గర ఢీకొనే అవకాశం ఎంతో చెప్పే అంకెలు) ఎల్‌ఎక్స్‌క్యాట్ సైట్ నుంచి దింపుకున్నాను. ఇప్పుడు కొలిజన్ రేటు శక్తితో మారుతోంది. ప్రతి స్టెప్పులో ప్రతి ఎలక్ట్రాన్‌కూ రేటు చూసి ర్యాండమ్ నంబరు వేస్తుంటే చాలా స్లో. దీనికి దారి ఉందా?

పటమట_కోడర్ | బుధవారం మధ్యాహ్నం 2:45

నల్ కొలిజన్ పద్ధతి ఉంది తమ్ముడూ, స్కల్లెరుడ్ 1968లో చెప్పినది. నీ శక్తుల పరిధి మొత్తంలో కొలిజన్ రేటు ఎప్పటికీ దాటని ఒక గరిష్ఠం పట్టుకో. నీ పీడనంలో ఆర్గాన్‌కు 15 ఈవీ దగ్గర సుమారు 1.8×10¹⁰ ఉంటుంది, కొంచెం పైన 2×10¹⁰ పెట్టుకో. ఇప్పుడు అందరికీ అదే రేటు ఉన్నట్టు నటించు. తర్వాతి కొలిజన్‌కు పట్టే కాలం: 0కీ 1కీ మధ్య ర్యాండమ్ నంబరు తీసి, దాని సహజ లాగరిథమ్‌ను మైనస్ చేసి, ఆ గరిష్ఠ రేటుతో భాగించు. ఎలక్ట్రాన్‌ను నేరుగా అక్కడికి పంపు. అక్కడికి వెళ్లాక దాని అసలు రేటు చూడు. అసలు రేటును గరిష్ఠంతో భాగిస్తే ఎంత వస్తుందో, అంత సంభావ్యతతోనే నిజమైన కొలిజన్. మిగతా సార్లు ఏమీ జరగనట్టు అదే వేగంతో ముందుకు పంపెయ్.

రెండు గోతులు. ర్యాండమ్ నంబరు సరిగ్గా సున్నా వస్తే లాగరిథమ్ పేలుతుంది, 1 నుంచి తీసేసి వాడు. గరిష్ఠం తక్కువ పెడితే కోడ్ ఎర్రర్ చూపించదు, నిశ్శబ్దంగా తప్పు జవాబిస్తుంది. అసలు రేటు గరిష్ఠాన్ని దాటితే ప్రోగ్రాం ఆగిపోయేలా ఒక లైను తప్పకుండా రాయి.

నంబూరు_స్కాలర్ | బుధవారం మధ్యాహ్నం 3:30

దీనికి ఒక మాట కలుపుతాను. ఆర్గాన్ క్రాస్ సెక్షన్ గ్రాఫు గీసి చూశావా? 0.3 ఈవీ లోపు ఒక లోయ ఉంటుంది. అక్కడ ఎలక్ట్రాన్‌కు ఆర్గాన్ దాదాపు కనిపించదు, 12 ఈవీ దగ్గరితో పోలిస్తే పదుల రెట్లు తక్కువ. రామ్‌జావర్, టౌన్సెండ్ 1920ల మొదట్లో గమనించారు. గోళీలు ఢీకొనడం అన్న ఊహతో ఇది అర్థం కాదు, ఎలక్ట్రాన్ తరంగం కాబట్టే అలా జారిపోతుంది. టేబుల్‌ను సమాన దూరాల్లో చదివితే ఆ లోయ కొట్టుకుపోతుంది. శక్తిని లాగరిథమ్ స్కేలులో తీసుకో. ఎక్సైటేషన్లు (ఎలక్ట్రాన్ ఊడకుండా అణువు శక్తిని పీల్చుకోవడం) కూడా కలుపు, 11.55 ఈవీ నుంచి మొదలవుతాయి. అవి లేకుండా అయనీకరణం అంకెలు నమ్మకు.

గన్నవరం_బీటెక్ | బుధవారం సాయంత్రం 5:00

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. అయస్కాంతం, వాయువు, ఎలక్ట్రాన్ మూడూ కలిసి నిజంగా ఎక్కడ వాడతారు?

నంబూరు_స్కాలర్ | బుధవారం సాయంత్రం 5:25

యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో అలిస్ అనే ప్రయోగం ఉంది. దాని నడిబొడ్డున దాదాపు 90 ఘనపు మీటర్ల వాయువు డబ్బా. ఒక కణం దాని గుండా దూసుకుపోతే దారి పొడవునా ఎలక్ట్రాన్లు ఊడతాయి. సెంటీమీటరుకు 400 వోల్టుల క్షేత్రం వాటిని రెండున్నర మీటర్ల దూరం నడిపించి అంచుకు చేరుస్తుంది, 90 మైక్రోసెకన్లకు పైనే పడుతుంది. ఎంతసేపటికి చేరాయన్నదాన్ని బట్టి ఎక్కడ పుట్టాయో చెబుతారు. అక్కడ అయస్కాంత క్షేత్రం, 0.5 టెస్లా, విద్యుత్ క్షేత్రానికి సమాంతరంగా ఉంటుంది. అందుకే దారి వంగదు, పైగా ఎలక్ట్రాన్ల గుంపు పక్కలకు చెదరడం తగ్గుతుంది. డ్రిఫ్ట్ వేగం (గుంపు సగటున ముందుకు కదిలే వేగం) కాస్త తప్పినా కణం వెళ్లిన చోటు తప్పుగా తేలుతుంది. ఆ వాయువుల లెక్కలకు అక్కడి వాళ్లు వాడే మ్యాగ్‌బోల్ట్జ్ ప్రోగ్రాం లోపల ఉన్నది కూడా మన తమ్ముడు రాస్తున్న మోంటే కార్లో పద్ధతే, అంటే ర్యాండమ్ నంబర్లతో లెక్కగట్టడమే.

అరండల్‌పేట_ఎమ్మెస్సీ | బుధవారం రాత్రి 10:50

రేపే గైడ్‌ను కలవాలి. ఇప్పుడు కొత్త చిక్కు. డ్రిఫ్ట్ వేగం సరిగ్గా వస్తోంది. కానీ విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం రెండూ ఆపేసి, ఊహా వాయువులో ఎలక్ట్రాన్లను ఒక చుక్క నుంచి వదిలితే, ఆ గుంపు గుండ్రంగా వ్యాపించాలి కదా? నాకు కోడిగుడ్డులా జెడ్ దిశలో సాగింది. జెడ్‌లో డిఫ్యూజన్, ఎక్స్‌లో దానికి సరిగ్గా రెండింతలు. ఏ దిశకూ ప్రత్యేకత లేనప్పుడు జెడ్ ఎందుకు ప్రత్యేకం?

బ్రాడీపేట_మాస్టారు | బుధవారం రాత్రి 11:05

సరిగ్గా రెండింతలా? అయితే అదృష్టవంతుడివి, ఖచ్చితమైన అంకె వచ్చిందంటే ఖచ్చితమైన కారణం ఉంటుంది. కొలిజన్ తర్వాత కొత్త దిశను ఎలా ఎంచుకుంటున్నావు, ఆ రెండు లైన్లు రాయి.

అరండల్‌పేట_ఎమ్మెస్సీ | బుధవారం రాత్రి 11:12

తీటా (జెడ్ అక్షం నుంచి కోణం) 0 నుంచి 180 డిగ్రీల మధ్య సమానంగా. ఫై (జెడ్ అక్షం చుట్టూ కోణం) 0 నుంచి 360 మధ్య సమానంగా.

నంబూరు_స్కాలర్ | బుధవారం రాత్రి 11:20

దొరికింది. తీటాను సమానంగా తీసుకోకూడదు, కాస్ తీటాను మైనస్ 1 నుంచి 1 దాకా సమానంగా తీసుకోవాలి. గ్లోబు గుర్తు తెచ్చుకో. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ పట్టీ చాలా పెద్దది, ధ్రువం దగ్గర ఒక డిగ్రీ పట్టీ చిన్న గిన్నె మూతంత. రెండింటికీ సమానంగా ఎలక్ట్రాన్లు పంచితే ధ్రువాల దగ్గర కిక్కిరిసిపోతాయి. నీ ధ్రువాలు జెడ్ దిశలో ఉన్నాయి. కాస్ తీటా వర్గం సగటు మూడింట ఒక వంతు ఉండాల్సింది, నీకు సగం అయింది. మిగిలిన సగాన్ని ఎక్స్, వై చెరి పావు పంచుకున్నాయి. సగం బై పావు, రెండు.

డ్రిఫ్ట్ వేగంలో ఇది ఎందుకు కనిపించలేదంటే, నువ్వు పైకి, కిందికి సమానంగానే పంపుతున్నావు, సగటు సున్నాయే. వేగం ఒక్కటే సరిచూసుకుని ఆగిపోయి ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

అరండల్‌పేట_ఎమ్మెస్సీ | గురువారం తెల్లవారుజాము 12:35

మార్చాను. జెడ్, ఎక్స్, వై మూడూ ఒక శాతం లోపు ఒకటే. గుంపు గుండ్రంగా ఉంది.

అక్కా, చివరి ప్రశ్న. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకోవడం నేను అసలు లెక్కలోకి తీసుకోలేదు. గైడ్ అడిగితే ఏం చెప్పాలి?

నంబూరు_స్కాలర్ | గురువారం తెల్లవారుజాము 12:50

ఎలక్ట్రాన్లు పలచగా ఉన్నంత వరకు అవసరం లేదని చెప్పు, కానీ ఎక్కడి దాకా పలచనో కూడా చెప్పు. ఘనపు మీటరుకు 10¹⁵ ఎలక్ట్రాన్లు, సగటు శక్తికి తగ్గ ఉష్ణోగ్రత 2 ఈవీ అనుకో. డెబై పొడవు, అంటే ఒక ఆవేశం ప్రభావాన్ని చుట్టూ ఉన్న ఆవేశాలు కప్పేసే దూరం, 0.33 మిల్లీమీటర్లు వస్తుంది. నీ పాత్ర కొలత సెంటీమీటర్లలో ఉంటే, డెబై పొడవు అంతకన్నా చాలా చిన్నది కాబట్టి అవి తమ క్షేత్రాన్ని తామే తయారుచేసుకుంటాయి. అప్పుడు పార్టికల్ ఇన్ సెల్ పద్ధతి కావాలి, గళ్లు గీసి, ఆవేశాన్ని గళ్లకు పంచి, ప్రతి స్టెప్పులో క్షేత్రాన్ని మళ్లీ సాధించాలి. క్షేత్రం అప్పుడు చోటుచోటుకూ మారుతుంది. అందుకే నిన్ను బోరిస్ నేర్చుకోమన్నది. ఇక పడుకో.

అరండల్‌పేట_ఎమ్మెస్సీ | గురువారం సాయంత్రం 5:40

చూపించాను. గైడ్ సార్ ముందు అడిగింది అయనీకరణం గ్రాఫు కాదు. "క్షేత్రాలన్నీ ఆపేస్తే ఏం వచ్చింది?" అన్నారు. గుండ్రటి గుంపు చూపించాను. తర్వాత 24 డిగ్రీల కోణం అడిగారు. గంటన్నర కూర్చోబెట్టి మాట్లాడారు. వచ్చే నెల నుంచి ఆర్గాన్‌లో నైట్రోజన్ కలిపి చూడమన్నారు.

మాస్టారికి, అక్కకు, అన్నకు పేరుపేరునా నమస్కారాలు. ఇంజినీర్ గారూ, మీ పొగకు పనికొచ్చేలా అయాన్ల లెక్క విడిగా రాయాలని ఉంది. మీ దగ్గర తీగకూ ప్లేటుకూ మధ్య దూరం, పొగ ఉష్ణోగ్రత చెబుతారా?

ఇబ్రహీంపట్నం_ఇంజినీర్ | గురువారం రాత్రి 8:15

తప్పకుండా బాబూ. ఆదివారం నాకు డ్యూటీ లేదు, అంకెలన్నీ రాసి ఇక్కడే పెడతాను. వేసవిలోవి, శీతాకాలంలోవి రెండూ పెడతాను, నీకు తేడా కనిపించాలి.